రాళ్ల మడుగు నుంచి గాజు తొట్టెకు

*సముద్రపు ఒడ్డున దొరికే జీవుల్ని తెచ్చి ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవాలన్న సరదా పాతదే. తీరానికీ ఆ ప్రాణాలకూ అది తెచ్చిపెట్టే నష్టమూ అంతే పాతది.*

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో, తొట్లకొండ దిగువన మంగమారిపేట తీరం. ఆదివారం పొద్దున్నే నీరు బాగా వెనక్కి తీసింది. నాచు పట్టిన రాళ్లు ఒక్కొక్కటే తేలాయి. వాటి సందుల్లో మోకాలి లోతున నిలిచిన నీటి మడుగులు అద్దాల్లా ఉన్నాయి. ఒక మడుగు అంచున ఎనిమిదేళ్ల పాప గొంతుకూర్చుని నీళ్లలోకి వేలు పెట్టింది. రాతికి అతుక్కుని పువ్వులా విచ్చుకున్న ఎనిమోన్ ఆ వేలిని తాకీ తాకగానే రేకులన్నీ లోపలికి లాక్కుని జిగురు ముద్దలా మారింది.

"నాన్నా, చచ్చిపోయిందా?"

"లేదమ్మా, భయపడింది."

తండ్రి చేతిలో నీలం రంగు ప్లాస్టిక్ బకెట్ ఉంది. అందులో ఇప్పటికే మూడు సన్యాసి పీతలు, అయిదారు నత్తలు, బెదిరి గిరగిరా తిరుగుతున్న రెండు చిన్న చేపలు. ఆయన స్క్రూడ్రైవర్‌తో ఎనిమోన్‌ని రాతి మీంచి లేపడం మొదలుపెట్టాడు. పక్కనే వల దులుపుకుంటున్న పెద్దాయన తలెత్తి చూసి, "ఒగ్గేయండి బాబూ, అది ఇంటికాడ బతకదు" అన్నాడు. బకెట్ ఇంటికి చేరేసరికి పదకొండు దాటింది. చేపల్లో ఒకటి నీటి పైకి వచ్చి నోరు తెరిచి గాలి పీలుస్తోంది. ఎనిమోన్ మళ్లీ విచ్చుకోలేదు.

ఫోన్లలో కనిపించే రీఫ్ ట్యాంకు వీడియోల పుణ్యమా అని ఇలాంటి బకెట్లు ఒడ్డున కనిపిస్తూనే ఉన్నాయి. రంగుల పగడాలు, వాటి మధ్య నారింజ చారల చేపలు, నీలి దీపాలు చూసినవారికి అదంతా డబ్బు పెట్టి కొనాల్సిన పనేముంది, సముద్రం పక్కనే ఉంది కదా అనిపిస్తుంది. ఆ ఆలోచన వెనక దురాశ ఉండదు. చాలాసార్లు పిల్లలకు ప్రకృతిని చూపించాలన్న ప్రేమే ఉంటుంది. తీరం గురించి, తొట్టె గురించి తెలియవలసిన నాలుగు సంగతులు తెలియకపోవడం వల్లే ఆ ప్రేమ వృథా అవుతోంది.

రోజుకు రెండుసార్లు మునిగి తేలే ఊరు

ఆటుపోట్ల మధ్య ఉండే రాతి తీరం పైకి ఒకే రకంగా కనిపిస్తుంది. నిజానికి అది అంతస్తులున్న ఇల్లు. విశాఖ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఎక్కువ తక్కువలకు తేడా సుమారు మీటరున్నర. అష్టమి, నవమి దగ్గర అది బాగా తగ్గిపోతుంది. ఏ జీవి ఎంతసేపు నీటిలో ఉండాలి, ఎంతసేపు ఎండలో ఉండగలదు అన్న లెక్క మీదే అక్కడి కాపురాలన్నీ నడుస్తాయి.

పై అంతస్తులో, అలల తుంపర తప్ప నీరు అందని చోట, శనగగింజంత నత్తలు రాతి పగుళ్లలో గుంపుగా ఉంటాయి. ఎండ ముదిరితే తలుపు బిగించుకుని తడి దాచుకుంటాయి. వాటికి కాస్త కింద బార్నకిల్స్. చూడటానికి రాతిమీది సున్నపు పొక్కుల్లా ఉంటాయి కానీ ఇవి రొయ్య, పీతల జాతివి. పోటు వచ్చినప్పుడు ఈక లాంటి కాళ్లు బయటకు చాచి నీటిలోని ఆహారాన్ని వడగట్టుకుంటాయి. మధ్య అంతస్తులో లింపెట్ నత్తలు, పచ్చ ఆల్చిప్పలు, తివాచీలా పరుచుకున్న జోయాంథిడ్లు. నీరు ఎప్పుడో తప్ప వదలని కింది అంతస్తులో ముళ్లబంతుల్లాంటి సీ అర్చిన్లు, ఎనిమోన్లు, స్పాంజీలు, రాళ్ల కింద పాములాంటి చేతులున్న పెళుసు నక్షత్రాలు.

వీటిలో లింపెట్ కథ కాస్త ఆగి చూడదగింది. చిన్న టోపీలా ఉండే ఈ నత్త పోటు వేళ రాతి మీద పాకుతూ నాచు గీక్కుని తింటుంది. ఆటు రాకముందే బయల్దేరిన చోటికే తిరిగి వచ్చేసే లింపెట్లు చాలా ఉన్నాయి. ఏళ్ల తరబడి ఒకే చోట కూర్చోవడం వల్ల దాని చిప్ప అంచు ఆ రాతి గరుకుకు సరిగ్గా సరిపోయేలా అరుగుతుంది. మెత్తని రాయి అయితే రాయే అరిగి గుంట పడుతుంది. ఆ గుంటలో కూర్చుంటే లోపలి తడి బయటకు పోదు. పక్క రాతి మీద పెడితే ఆ చిప్ప అక్కడ అతకదు. సందుల్లోంచి తడి ఆరిపోతుంది. చేతికి దొరికిన లింపెట్ పోగొట్టుకునేది సముద్రాన్ని మాత్రమే కాదు, తనకంటూ ఉన్న ఆ బొటనవేలంత చోటును కూడా.

ఈ తీరాన్ని శ్రద్ధగా చదివినవారు మనవాళ్లలోనే ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు వాల్తేరు తీరపు జీవుల మీద, ముఖ్యంగా ఇసుక రేణువుల మధ్య బతికే కంటికి ఆనని ప్రాణుల మీద 1950లు, 60లలో చేసిన పరిశోధన ఆ రంగంలో పేరున్నది. నడుస్తున్నప్పుడు కాలి కింద ఉండే తడి ఇసుక ఖాళీ కాదని అది చూపింది.

బకెట్‌లో తొలి గంట

మడుగులోంచి తీసిన జీవికి మొదటి దెబ్బ బకెట్‌లోనే తగులుతుంది. అయిదారు లీటర్ల నీరు ఎండలో గంట ఉంటే ఎంత వేడెక్కుతుందో చెప్పనక్కర్లేదు. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది. అదే సమయంలో వేడికి జీవుల శ్వాస వేగం పెరుగుతుంది. కావలసింది ఎక్కువవుతూ, ఉన్నది తగ్గుతూ పోతుంది. రాతి మడుగులో చేపలు ఎండకు వేడెక్కిన నీటిని తట్టుకుంటాయి కదా అన్న సందేహం సహజమే. అక్కడ నాచు పగలంతా ప్రాణవాయువు విడుస్తుంది, ఆరు గంటలలోపు కొత్త నీరు వస్తుంది. బకెట్‌కు పోటు రాదు.

రెండో దెబ్బ గాయాలది. ఎనిమోన్‌కు కింద ఒక పాదం ఉంటుంది. దానితోనే రాతిని పట్టుకుంటుంది. స్క్రూడ్రైవర్‌తోనో, చెంచాతోనో లేపితే ఆ పాదం చిరుగుతుంది. చిరిగిన పాదం మానకుండా కుళ్లితే తొట్టెలో నీరంతా చెడుతుంది. సీ అర్చిన్ కాళ్లు సన్నని గొట్టాలు. వాటి చివర రాతికి కరుచుకునే అంటులు ఉంటాయి. లాగితే కాళ్లు రాతి మీదే ఉండిపోతాయి, అర్చిన్ చేతికి వస్తుంది. పిల్లలకు ఇది తెలియదు. పెద్దలు కూడా చాలామంది ఇది ఎప్పుడూ గమనించి ఉండరు.

మూడోది కలవని వాళ్లను ఒక గదిలో పెట్టడం. మడుగులో అడుగు దూరంలో ఒకదానికొకటి కనపడకుండా బతికేవి బకెట్‌లో ముఖాముఖి అవుతాయి. పీత నత్తను తింటుంది. చిన్న ఆక్టోపస్ దొరికితే అది పీతను తింటుంది, బెదిరితే సిరా వదులుతుంది. కొన్ని రకాల సముద్ర దోసకాయలు భయపడితే పేగుల్నే బయటకు కక్కుతాయి. వాటి ఒంట్లోని విషం చిన్న నీటి పాత్రలో మిగిలిన చేపలన్నిటినీ చంపగలదు.

సన్యాసి పీతది మరో బాధ. దానికి సొంత గుల్ల ఉండదు. చచ్చిన నత్త వదిలిన గుల్లలో తలదాచుకుని, పెరిగేకొద్దీ పెద్ద గుల్ల కోసం వెతుక్కుంటూ పోతుంది. ఒక పెద్ద గుల్ల దొరికితే కొన్నిసార్లు చుట్టుపక్కల పీతలన్నీ చేరి, సైజు ప్రకారం వరస కట్టి, పెద్దది కొత్త గుల్లలోకి దూకగానే దాని వెనకది ఖాళీ అయిన గుల్లలోకి, దాని వెనకది ఆ పై గుల్లలోకి చకచకా మారిపోతాయి. ఒడ్డున ఏరుకున్న అందమైన ఖాళీ గుల్ల ప్రతిదీ ఇలాంటి ఒక వరసకు మొదటి ఇల్లు కావచ్చు. 'ప్రాణం లేనిదే కదా' అని సంచీ నింపుకోవడం కూడా తీరం నుంచి ఇళ్లు ఎత్తుకుపోవడమే.

గాజు తొట్టెలో మొదటి నెల

బకెట్ దాటి బతికిన జీవి చేరేది కొత్త తొట్టెకు. చాలా చావులు ఇక్కడే జరుగుతాయి, అదీ కారణం కంటికి కనిపించకుండా. చేప విసర్జించేదీ, తినకుండా మిగిలిన మేత కుళ్లి పుట్టేదీ అమోనియా. సముద్రంలో అది క్షణంలో పలచబడుతుంది. తొట్టెలో పేరుకుంటుంది. దాన్ని తిని నైట్రైట్‌గా మార్చే బ్యాక్టీరియా ఒక రకం, ఆ నైట్రైట్‌ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చేది మరో రకం. రాళ్ల మీద, ఇసుకలో, ఫిల్టర్‌లో ఈ బ్యాక్టీరియా తగినంత పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అనుభవం ఉన్నవారు ఆ నెలన్నర ఖాళీ నీటినే తిప్పుతూ, రోజూ పరీక్షించుకుంటూ ఆగుతారు. ఆదివారం బకెట్ తెచ్చినవారికి ఆగే వీలుండదు. తెచ్చిన రోజే తొట్టెలో పోయాలి. నీరు తేటగా, గాజులా మెరుస్తూనే ఉంటుంది. నాలుగో రోజున చేపలు తేలతాయి.

ఆ తరువాతి సమస్య తిండి. ఒళ్లంతా రంగులతో ఆకట్టుకునే చిప్పలేని నత్తలు, అంటే న్యూడిబ్రాంకులు, చాలావరకు ఒక్కో రకం ఒక్కో స్పాంజినో మరో జీవినో మాత్రమే తింటాయి. అది దొరక్కపోతే మరేదీ ముట్టకుండా వారాల్లో కృశించి పోతాయి. బార్నకిల్స్, ఆల్చిప్పలు, గొట్టపు పురుగులు నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టుకుని బతికేవి. శుభ్రమైన తొట్టె వాటికి ఎడారి. ఆక్టోపస్ పెంపకంలో బాగా బతికినా చిన్న జాతుల ఆయుష్షు మొత్తం ఏడాదికి అటూ ఇటూ. పైగా మూత సందులోంచి జారిపోయి నేల మీద ఎండి చస్తుంది. మడుగుల్లో మెరిసే వేలెడంత చేపల్లో కొన్ని పెద్ద జాతుల పిల్లలు. రాతి మడుగులు వాటికి నర్సరీ. ఈ రోజు అగ్గిపెట్టెంత ఉన్న బొంత చేప పిల్ల ఏడాదిలో తొట్టెను చాలనివ్వదు.

ఉప్పునీటిలోనూ ఋతువులుంటాయి

సముద్రపు నీరు ఎప్పుడు తెచ్చినా ఒకటే అనుకోవడం విశాఖలాంటి చోట పెద్ద పొరపాటు. పగడపు దీవుల జీవులకు లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు, అంటే సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌పై 1.025 దరిదాపు ఉండాలి. బంగాళాఖాతపు మన ఒడ్డున ఎండాకాలంలో ఉప్పు ఆ దగ్గరలోకి వస్తుంది. వానాకాలం చివర్లో గంగ, బ్రహ్మపుత్ర, మహానదుల మంచినీరు తీరం వెంట దక్షిణానికి సాగుతుంది. అక్టోబరు, నవంబరుల్లో ఒడ్డు నీటిలో ఉప్పు 30 గ్రాములకు బాగా కిందికి పడిపోతుంది. మన రాళ్ల మీది నత్త, పీత దీనికి తరతరాలుగా అలవాటు పడ్డవి. దుకాణంలో కొన్న చేప కాదు. రెండింటినీ ఒకే తొట్టెలో ఉంచాలనుకునేవారికి ఇదొక పీటముడి.

వాన వెలిసిన వెంటనే తెచ్చిన నీటిలో నగరపు మురుగు కూడా ఉంటుంది. కాలువలు కలిసే చోట, ఓడరేవు పక్కన, జెట్టీల దగ్గర నీళ్లు పట్టకూడదు. మంచి చోట పట్టినా చీకట్లో కొన్ని రోజులు నిలవబెట్టి, తేరుకున్నాక వాడాలి.

ఇంకొక తప్పు దాదాపు అందరూ చేసేది. మే నెలలో తొట్టెలోంచి నీరు రోజూ ఆవిరైపోతుంది. తగ్గిన మేరకు సముద్రపు నీరే పోస్తారు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టెలోనే మిగులుతుంది. ఉప్పునీటిపై ఉప్పునీరు పోస్తూ పోతే నెల తిరిగేసరికి తొట్టె ఊరగాయ జాడీ అవుతుంది. తగ్గిన నీటిని మంచినీటితోనే నింపాలి. అదీ క్లోరిన్ లేని నీటితో.

సముద్రానికి దూరంగా ఉన్నవారు ఉప్పు కలుపుకుని నీరు తయారు చేసుకోవడం కూడా పాత విద్యే. ఇంగ్లండులో ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1854లో మామూలు ఉప్పు, మెగ్నీషియం సల్ఫేట్, మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ కలిపి కృత్రిమ సముద్రపు నీటికి పాళ్లు చెప్పాడు. ఆయన పేరు ఈ కథలో మరో కారణానికి ముఖ్యం.

తీరాన్ని ప్రేమించి పోగొట్టుకున్నవాడు

ఇంట్లో సముద్రపు తొట్టె అన్నది పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో పుట్టిన సరదా. 1846లో ఆనా థిన్ అనే ఆవిడ టోర్కీ తీరం నుంచి కొన్ని రాతి పగడాలను జాడీలో పెట్టుకుని లండన్‌కు తెచ్చింది. నీటికి గాలి తగలాలని పనిమనిషి చేత రోజూ కిటికీ దగ్గర నిలబెట్టి ఆ నీటిని ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి అరగంటకు పైగా తిరగపోయించేది. మరుసటి ఏడు సముద్రపు నాచు కూడా తెచ్చి అందులో వేసింది. నాచు ప్రాణవాయువు ఇస్తుంది, జీవులు నిలుస్తాయి. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం అక్వేరియం తెరిచారు. అప్పటికే గాజు మీద సుంకం ఎత్తేశారు, రైళ్లు సముద్రతీరాల దాకా వచ్చాయి. మరుసటి ఏడు, 1854లో, గాస్ రాసిన 'ది అక్వేరియం' పుస్తకం వచ్చింది. రంగుల బొమ్మలతో, ఏ మడుగులో ఏం దొరుకుతుంది, ఉలితో రాతిని ఎలా చెక్కాలి, జాడీల్లో ఎలా మోసుకురావాలి అన్నీ చెప్పిన పుస్తకం. 'అక్వేరియం' అన్న మాట ఇప్పటి అర్థంలో జనం నోట నిలబడటానికి ఆ పుస్తకమే ముఖ్య కారణం.

గాస్ డెవన్ తీరపు మడుగులను ప్రాణంగా ప్రేమించాడు. నిష్ఠగల మత విశ్వాసి. ఆ జీవుల్లో సృష్టికర్త పనితనం చూశాడు, అందరూ చూడాలని కోరాడు. అందరూ వచ్చారు. రైళ్లెక్కి కుటుంబాలు కుటుంబాలుగా, ఉలులు, సుత్తులు, జాడీలు పట్టుకుని దిగారు. తొట్టెలు, ఉప్పు, ప్రాణులు అమ్మే దుకాణాలు లండన్‌లో వెలిశాయి. గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో రాసిన 'ఫాదర్ అండ్ సన్' అనే జ్ఞాపకాల పుస్తకంలో ఆ తీరం గురించి రాసుకున్నాడు. తండ్రి చూపిన మడుగులు ఎలా ఉండేవో, సేకరణకు వచ్చిన జనసమూహాల తరువాత అవి ఎలా బోసిపోయాయో చెప్పాడు. ఆ మార్పుకు తన పుస్తకాలే తలుపు తీశాయన్న సంగతి తండ్రిని ఎంతో బాధించిందని రాశాడు.

ఆ మోజు పదేళ్లకు పైగా సాగి, 1860ల్లో చల్లబడింది. ఇళ్లలోని తొట్టెలు చాలావరకు మూలపడ్డాయి. జనం వదిలేసినా తీరానికి అయిన గాయం అంత త్వరగా మానలేదు. గాస్ ఉదంతంలో దుర్మార్గుడు ఎవరూ లేరు. ఒక్కొక్కరు తెచ్చుకున్నది పిడికెడే. మడుగు మాత్రం ఒక్కటే.

మన వైపు చూస్తే, తెలుగువారికీ రాజధానిగా ఉన్న మద్రాసులో మెరీనా ఒడ్డున 1909లోనే ప్రజల అక్వేరియం తెరుచుకుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అది మూతపడింది. విశాఖ ఆర్కే బీచ్‌లోని మత్స్యదర్శిని చిన్నదే అయినా, ఆ ఊరి పిల్లల్లో ఎంతోమందికి సముద్రపు చేపను గాజు అవతల మొదటిసారి చూపింది అదే.

> 'గ్రానీ' అనే ఎనిమోన్
>
> 1828లో స్కాట్లండ్‌లోని నార్త్ బెర్విక్ తీరంలో సర్ జాన్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఒక ఎర్రని ఎనిమోన్‌ని సేకరించాడు. దాన్ని ఒక చిన్న గాజు జాడీలో ఉంచి, సముద్రం నుంచి తాజా నీరు తెప్పించి మారుస్తూ పెంచాడు. 1851లో ఆయన పోయాక అది ఒకరి తరువాత ఒకరుగా మరికొందరి సంరక్షణలోకి వెళ్లింది. అందరూ దాన్ని 'గ్రానీ' అనేవారు, అంటే అమ్మమ్మ. పదిహేను రోజులకోసారి కాస్త ఆల్చిప్ప మాంసం దాని భోజనం. తన జీవితంలో వందల పిల్లల్ని కన్నది. 1857లో ఒక్కసారే 230 పిల్లలు. 1887 ఆగస్టులో ఎడిన్‌బరోలో చనిపోయింది. జాడీలోనే 59 ఏళ్లు. ఒక్క జీవి, ఒక్క జాడీ, తరచూ మార్చిన నీరు, చేతులు మారినా తప్పని శ్రద్ధ: అంత కాలం బతకడానికి దానికి అవసరమైనది ఇదే.

ఏది తెస్తే నేరం

తీరంలో దొరికేదంతా ఎవరిదీ కాదు కాబట్టి అందరిదీ అన్న భావన బలంగా ఉంది. చట్టం అలా చెప్పదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లోకి 2001లో చాలా సముద్ర జీవుల్ని చేర్చారు. పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు అన్నీ అందులో ఉన్నాయి. చచ్చిన పగడపు ముక్క ఒడ్డుకు కొట్టుకొచ్చినా దాన్ని ఇంటికి తెచ్చుకోవడం నేరమే అవుతుంది. 2022లో చట్టాన్ని సవరించి జాబితాలను మళ్లీ కూర్చారు. ఆ మార్పులు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మొదటి షెడ్యూలులోని జీవి విషయంలో నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా.

కాకినాడ దగ్గరి కోరింగ, కృష్ణా ముఖద్వారం వద్ద ఉన్న కృష్ణా అభయారణ్యం వంటి చోట్ల జాబితాతో పని లేదు. అక్కడ నుంచి అనుమతి లేకుండా ఏ జీవినీ తీసుకురాకూడదు.

> ముట్టకూడనివి
>
> రాతి పగడాలు, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు, ఆర్గాన్ పైపు పగడాలు, ఫైర్ కోరల్. సముద్ర గుర్రాలు, వాటి చుట్టాలైన పైపు చేపలు అన్నీ. సముద్ర దోసకాయలు అన్నీ. పెద్ద ట్రైటన్ శంఖం, కొమ్ముల హెల్మెట్ గుల్ల, నాటిలస్, జెయింట్ క్లామ్ వంటి కొన్ని గుల్ల జీవులు. సముద్రపు తాబేళ్లు, వాటి గుడ్లు, పిల్లలు. శీతాకాలం చివర్లో ఒడ్డున కనిపించే ఆలివ్ రిడ్లీ పిల్లను 'కాపాడటానికి' ఇంటికి తెచ్చి టబ్బులో పెట్టినా అది నేరమే. అటవీ శాఖకు చెప్పడమే సాయం.

దుకాణంలో కొన్నా వచ్చింది సముద్రం నుంచే

ఒడ్డున పట్టకుండా దుకాణంలో కొంటే దోషం ఉండదనుకోవడం కూడా సగం నిజమే. మంచినీటి అలంకార చేపల్లో ఎక్కువ భాగం చెరువుల్లో, తొట్టెల్లో పుట్టి పెరిగినవి. ఉప్పునీటి చేపల సంగతి తలకిందులు. వాటిలో అత్యధికం పగడపు దిబ్బల మీద వల వేసి పట్టినవే. 2003లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థకు చెందిన ప్రపంచ సంరక్షణ పర్యవేక్షణ కేంద్రం ఈ వ్యాపారాన్ని లెక్కగట్టింది. ఏటా 2 కోట్ల నుంచి 2.4 కోట్ల చేపలు, 1.1 కోటి నుంచి 1.2 కోటి పగడపు ముక్కలు, మరో 90 లక్షల నుంచి కోటి దాకా ఇతర వెన్నెముకలేని జీవులు చేతులు మారుతున్నాయని తేల్చింది.

ఫిలిప్పీన్స్‌లో 1960ల్లో మొదలైన ఒక పద్ధతి ఇందులో అతి క్రూరమైనది. డైవర్లు సోడియం సైనైడ్ కలిపిన నీళ్లను సీసాతో పగడాల సందుల్లోకి చిమ్ముతారు. చేప మత్తుకు తూలి చేతికి చిక్కుతుంది. చుట్టూ ఉన్న పగడం చస్తుంది. చేప తొట్టెకు చేరాక ఎన్ని వారాలు బతుకుతుందో చెప్పలేం. ఇండోనేషియాలోని బంగ్గాయ్ దీవుల చుట్టూ మాత్రమే సహజంగా ఉండే బంగ్గాయ్ కార్డినల్ చేపను లోకానికి బాగా పరిచయం చేసింది 1994లో. అక్వేరియం మోజుకు అది ఎంత వేగంగా తరిగిపోయిందంటే 2007 కల్లా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది.

దీనికి విరుగుడు మన దేశంలోనే తయారైంది. కొచ్చి కేంద్రంగా ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, సీఎంఎఫ్‌ఆర్‌ఐ, క్లౌన్ చేపల్ని, డామ్సెల్ చేపల్ని తొట్టెల్లోనే గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచే పద్ధతులు రూపొందించింది. లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ స్థానిక మహిళలకు అలంకార రొయ్యల్ని పెంచడం నేర్పింది. ఆడవాళ్లు ఇంటి పక్కనే తొట్టెల్లో రొయ్య పిల్లల్ని పెంచి అమ్ముకుంటున్నారు. ఇలా పుట్టిన చేపకు తొట్టె గోడ కొత్త కాదు, గుళికల మేత కొత్త కాదు. కొనే ముందు "ఇది పెంచినదా, పట్టినదా?" అని దుకాణదారుని అడగాలి. సరైన సమాధానం రాకపోతే కొనకుండా బయటికి రావాలి. ఆ ఒక్క ప్రశ్న పదిమంది అడిగితే దుకాణం సరుకు మారుతుంది.

తేవాలనే పట్టుదల ఉంటే

చట్టం అడ్డు చెప్పని చోట, జాబితాలో లేని జీవుల్ని తెచ్చి బతికించగలిగినవారు ఉన్నారు. వారి పద్ధతిలో ఓపికే ముఖ్యం. ముందు తొట్టె, నెలన్నర ఖాళీ నీరు, ఆ తరువాతే ఒడ్డు. మొదట రాతి మీది నాచు గీకే చిన్న నత్తలు మూడు నాలుగు. అవి నెలరోజులు నిలబడితే ఒకటి రెండు చిన్న సన్యాసి పీతలు, వాటి కోసం దుకాణంలో కొన్న ఖాళీ గుల్లలు నాలుగైదు. ఆ తరువాత ఒకే ఒక్క గోబీయో, బ్లెన్నీయో. ఇవి మడుగుల అడుగున రాళ్ల మధ్య గెంతుతూ తిరిగే చిన్న చేపలు. ఉప్పు, వేడి మారినా తట్టుకోవడం వీటికి పుట్టుకతో వచ్చిన విద్య. రంగులు తక్కువ కానీ గుహలోంచి తల బయటపెట్టి, కళ్లు అటొకటి ఇటొకటి తిప్పుతూ మనిషిని గమనించే బ్లెన్నీని చూస్తూ కూర్చుంటే పొద్దు తెలియదు.

మోసుకెళ్లేటప్పుడు ఒక్కో జీవికి ఒక్కో మూత డబ్బా, పైన తడి గుడ్డ, థర్మోకోల్ పెట్టె, బ్యాటరీతో నడిచే గాలి పంపు. ఇంటికి చేరాక డబ్బాలోకి తొట్టె నీటిని అరగంట, ముప్పావుగంట సేపు కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేయాలి. ఒక్కసారి మార్చిన నీరు కూడా చంపగలదు.

> తాకితే ప్రమాదం
>
> కోన్ నత్త: పొడవాటి శంకువులా, అందమైన గీతలతో ఉంటుంది. తన విషపు ముల్లును బాణంలా విసురుతుంది. కొన్ని జాతుల కాటు మనిషి ప్రాణం తీసింది. ఎంత అందంగా ఉన్నా జేబులో వేసుకోకూడదు.
>
> జోయాంథిడ్లు: రాళ్లపై పరుచుకునే పాలిథోవా జాతివాటిలో కొన్నింటికి పాలిటాక్సిన్ అనే అతి తీవ్రమైన విషం ఉంటుంది. 1971లో హవాయి జీవుల నుంచి దీన్ని వేరు చేశారు. అక్వేరియం రాళ్లను శుభ్రం చేయాలని వేడి నీళ్లలో మరిగించి, ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో ఉన్నాయి. రాళ్లను ఎప్పుడూ మరిగించకూడదు. తోమితే చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.
>
> లయన్ ఫిష్, తేలు చేప: వెన్నుముళ్లలో విషం. గుచ్చుకుంటే భరించగలిగినంత వేడి నీటిలో ఆ చోటును ముంచి, వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

తేకుండా చూడటం

విశాఖలో రాతి మడుగుల దగ్గరకు పిల్లల్ని తీసుకెళ్లి చూపించే మెరైన్ వాక్‌లు కొన్నేళ్లుగా జరుగుతున్నాయి. పద్ధతి సులువు. ఆటు వేళ తెలుసుకుని, నీరు పూర్తిగా తీయడానికి గంట ముందే చేరుకోవాలి. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో మడుగు నీరే తీసుకుని, ఒక జీవిని అందులో పెట్టి, రెండు మూడు నిమిషాలు చూసి, ఫొటో తీసి, పట్టిన చోటే వదలాలి. పట్టిన చోటే అన్నది ముఖ్యం.

రాయి తిప్పి చూస్తే తిరిగి అలాగే పెట్టాలి. ఈ ఒక్క పని చేయనివారే ఎక్కువ. రాయి కింది వైపు స్పాంజీలు, పెళుసు నక్షత్రాలు, చేపలు అతికించిన గుడ్లు ఉంటాయి. అవన్నీ చీకటికి, తడికి అలవాటు పడ్డవి. పై వైపు నాచుకు ఎండ కావాలి. తిప్పి వదిలేసిన రాయి మీద కిందివి ఎండకు మాడతాయి, పైవి చీకట్లో కుళ్లుతాయి. ఒక పూటలో రెండు అంతస్తులు పోతాయి.

తొట్టె మూసేయాల్సి వస్తే

సరదా తీరినప్పుడో, ఊరు మారినప్పుడో తొట్టె ఖాళీ చేయక తప్పదు. అప్పుడు జీవుల్ని సముద్రంలో వదిలేయడమే దయ అనిపిస్తుంది. అది అతి పెద్ద పొరపాటు కాగలదు. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో 1985లో మొదటిసారి కనిపించిన లయన్ ఫిష్ అక్కడిది కాదు. ఇళ్ల తొట్టెల నుంచి వదిలినవాటి సంతతే అట్లాంటిక్, కరీబియన్ అంతటా పాకి స్థానిక చేప పిల్లల్ని తినేస్తోందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మధ్యధరా సముద్రంలో 1984లో మొనాకో దగ్గర కనిపించిన కాలెర్పా టాక్సిఫోలియా నాచు ఒక అక్వేరియం నుంచి బయటపడ్డదే. వేల ఎకరాల సముద్రపు అడుగును అది కప్పేసింది.

మన ఒడ్డు నుంచే తెచ్చిన జీవినైనా, కొన్న చేపలతో కలిపి ఉంచితే తిరిగి వదలకూడదు. పరాయి రోగాలు, పరాన్నజీవులు దాని వెంట వెళ్తాయి. మరో పెంపకందారుకో, తీసుకోవడానికి ఒప్పుకున్న ప్రభుత్వ అక్వేరియానికో ఇవ్వాలి. తొట్టె నీటిని సముద్రంలోకి, వర్షపు కాలువలోకి కాకుండా ఇంటి మురుగు గొట్టంలోకే పోయాలి. రాళ్లను, ఇసుకను మేడ మీద ఎండలో కొన్ని వారాలు పూర్తిగా ఎండబెట్టి, ఆ తరువాతే పారేయాలి. ఇంకెవరికైనా ఇచ్చినా సరే. పీతల కోసం కొన్న గుల్లలు మిగిలితే వాటినీ అలాగే ఎండబెట్టి, పొడి సంచీలో దాచి, సన్యాసి పీతలు పెంచేవారికి అందజేయవచ్చు.